ఊదడం కాదవ్వా, పీల్చు

ధర పెరుగుతుందని పత్తిని ఇంట్లోనే పోసి పెట్టుకోవడం కర్నూలు జిల్లా కౌతాళం వైపు మామూలే. దానికి నిప్పంటుకుంటే మంట కంటే పొగే ఎక్కువ. మనిషిని బయటికి లాగేసరికి చేతులు, మెడ, ఛాతీ కాలి ఉంటాయి. అది కంటికి కనిపించే దెబ్బ. కనిపించనిది లోపల ఉంటుంది. వేడిగాలికి గొంతు వాస్తుంది, మసీ విషవాయువులూ ఊపిరిగొట్టాల లోపలి పొరను దెబ్బతీస్తాయి. ముక్కులో మసి, బొంగురు గొంతు, కాలిన ముక్కు వెంట్రుకలు కనిపిస్తే డాక్టర్లు ఒంటి మీది పుండ్లను పక్కనపెట్టి ముందు గొంతు చూసేది అందుకే. 1942లో బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్బు తగలబడి 492 మంది చనిపోయాక ఈ పొగదెబ్బ సంగతి వైద్యలోకానికి బాగా తలకెక్కింది.

నేను చెప్పబోయేది ప్రాణగండం గడిచి ఇల్లు చేరాక చేయాల్సిన పని. కౌతాళం నుంచి కర్నూలు పెద్దాసుపత్రి నూరు కిలోమీటర్ల పైచిలుకు. వారానికి మూడుసార్లు ఫిజియోథెరపీకి రమ్మంటే బస్సు ఛార్జీలొకవైపు, పోయిన కూలి ఒకవైపు. అందుకే డిశ్చార్జి రోజునే ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చుని, రోగితో పాటు ఇంట్లో ఇంకొకరు కూడా నేర్చుకుని రావాలి. చర్మం అతికించి ఎన్నాళ్లయింది, ఏ భాగం కదిలించవచ్చు అన్నది సర్జన్‌నే అడగాలి. అతుకు పట్టుకునేదాకా, మామూలుగా అయిదారు రోజులు, ఆ చోటును కదపనివ్వరు. ఆ తర్వాత కూడా "కాలిన మనిషి, కదిలించొద్దు" అంటూ మంచానికే అంటిపెట్టడం మన ఇళ్లలో జరిగే పెద్ద పొరపాటు. కాలిన చర్మం మానుతూ ముడుచుకుపోతుంది, ఛాతీకి బిగుతు రవిక తొడిగినట్టవుతుంది. లోపల కండ కూడా కరిగిపోతూ ఉంటుంది.

ఛాతీ ఎంత విచ్చుకుంటోందో చూడటానికి మొదట ఒక దారం తీసుకోండి. ఎమ్మిగనూరు మగ్గాలున్న చోట దారానికి కరువా! పల్చటి బట్ట మీదుగా, పుండ్లు లేని చోట, చంకల కింద ఛాతీ చుట్టూ తిప్పండి. ఊపిరి పూర్తిగా వదిలినప్పుడు ఒక ముడి, నిండా పీల్చినప్పుడు ఇంకో ముడి వేయండి. ఆరోగ్యవంతుడికి ఆ రెండు ముడుల మధ్య మూడు వేళ్ల వెడల్పు పడుతుంది. కాలినవాళ్లకు మొదట్లో ఒక వేలు కూడా పట్టకపోవచ్చు. పడుకునే తీరు కూడా చూసుకోవాలి: మెడ కాలినవాళ్లకు దిండు వద్దు, చంక కాలినవాళ్ల చెయ్యి పక్కకు చాచి ఉండాలి. హాయిగా ఉందని ముడుచుకుని పడుకున్న భంగిమలోనే చర్మం బిగుసుకుపోతుంది.

తర్వాత మూడు బంతుల పెట్టె. మెడికల్ షాపులో అడిగితే ఇస్తారు, పేరు స్పైరోమీటరు. మనవాళ్లు దీన్ని "ఊదే మిషన్" అంటారు. చిక్కంతా ఆ పేరులోనే ఉంది. గొట్టం నోట పెట్టుకుని బలంకొద్దీ ఊదితే బంతి కదలదు, "ఇది చెడిపోయింది నాయనా" అని పక్కన పెట్టేస్తారు. ఊదడం కాదవ్వా, పీల్చాలి. నిటారుగా కూర్చుని, మామూలుగా ఊపిరి వదిలి, గొట్టం చుట్టూ పెదవులు బిగించి, పాలు తాగినంత నెమ్మదిగా లాగాలి. పెట్టె మీద 600, 900, 1200 అని రాసి ఉంటుంది. సెకనుకు ఎన్ని మిల్లీలీటర్ల గాలి లాగితే ఏ బంతి లేస్తుందో చెప్పే అంకెలవి. మొదటి బంతి లేచి మూడు సెకన్లు పైన నిలిస్తే ఆ రోజుకు గెలిచినట్టే. మూడూ ఒక్కసారి టపటపా ఎగరగొట్టడం గొప్ప కాదు. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు పదిసార్లు చేయాలి. తల తిరిగితే ఆపి, రెండు నిమిషాలాగి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

పీల్చాక కఫం కదులుతుంది. దిండును ఛాతీకి హత్తుకుని, నోరు తెరిచి, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు "హా" అని రెండు మూడుసార్లు గట్టిగా వదిలి, ఆపైన దగ్గాలి. మరిగే నీళ్ల గిన్నె ముందు దుప్పటి కప్పి కూర్చోబెట్టకండి. కాలిన గొంతుకు మళ్లీ వేడా?

నడక ఇంటి అరుగు నుంచి మొదలవుతుంది. రెండు మూడు నిమిషాల చొప్పున రోజుకు నాలుగైదుసార్లు చాలు, వారం వారం పెంచుకోవచ్చు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం. వేలికి పెట్టే ఆక్సిమీటరు 90 కంటే దిగితే కూర్చోవాలి. (మంటలు రేగిన రోజున మాత్రం ఆ అంకెను నమ్మొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఒంట్లో ఉన్నా అది బాగానే ఉన్నట్టు చూపిస్తుంది.) ఇంకో సంగతి: అతికించిన చర్మానికి చెమట పట్టదు, ఒళ్లు చల్లబడే దారి మూసుకుపోతుంది. ఏప్రిల్, మే ఎండల్లో ఈ నడక తెల్లారకముందే అయిపోవాలి.

ఒంట్లో పట్టు వచ్చాక బరువులు. అర లీటరు నీళ్ల సీసా చేత్తో పైకెత్తడం, చేతులు ఆనించకుండా మంచం మీది నుంచి లేచి మళ్లీ కూర్చోవడం. టెక్సాస్‌లోని గాల్వెస్టన్‌లో కాలిన పిల్లలకు 12 వారాలు ఇలాంటి కసరత్తు చేయిస్తే కండబలం పెరిగింది, ఊపిరితిత్తుల పనితీరూ మెరుగైంది. కానీ తిండి లేకుండా కండ రాదు. "పప్పు పెడితే చీము పడుతుంది, గుడ్డు వద్దు" అని ఉత్త చారుతో పథ్యం పెట్టే పెద్దమ్మలకు చేతులు జోడించి చెబుతున్నా: జొన్నరొట్టెలోకి పప్పు వేయండి, గుడ్డు పెట్టండి, గుప్పెడు బుడ్డలు (వేరుశనగలు) ఉడకబెట్టి ఇవ్వండి.

జ్వరం, ఛాతీనొప్పి, పెదవులు నీలంగా మారడం, పీల్చేటప్పుడు గొంతులో ఈలలాంటి చప్పుడు, వీటిలో ఏది వచ్చినా కసరత్తు ఆపి, బండి కట్టించుకుని నేరుగా ఆసుపత్రికి బయల్దేరాలి.

మళ్లీ కర్నూలుకు చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఆ ముడుల దారం కూడా తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.