శూన్యం ఎక్కడ తెగింది?

గాలి, పెట్రోలు, నిప్పురవ్వ: కారు ఇంజను గురించి తరగతిలో మనం చదువుకునేది ముఖ్యంగా ఈ మూడింటిని గురించే. నాలుగోది శూన్యం, అంటే వాక్యూమ్. దీనికి పాఠ్యపుస్తకాల్లో దక్కే చోటు తక్కువ. వర్క్‌షాపులో మాత్రం అది పెట్టే తిప్పలు ఎక్కువ.

కార్బ్యురేటరు ఉన్న పాత ఇంజను ఐడిలింగులో తిరుగుతున్నప్పుడు త్రాటిల్ పలక దాదాపు మూసుకొని ఉంటుంది. పిస్టన్లు గాలి లాగుతాయి, దారేమో ఇరుకు. అందువలన ఇన్‌టేక్ మానిఫోల్డులో పీడనం బాగా పడిపోతుంది. సముద్రమట్టం దగ్గర మంచి ఇంజనులో ఈ వాక్యూమ్ సుమారు 18 నుండి 21 అంగుళాల పాదరసం. ఎత్తుకు పోయేకొద్దీ ప్రతి 1000 అడుగులకు ఇంచుమించు ఒక అంగుళం తగ్గుతుంది. కాబట్టి విశాఖపట్నంలో 19 చూపిన గేజి హైదరాబాదులో 17 చూపితే ఇంజను చెడిందని కంగారుపడనక్కరలేదు.

ఈ వాక్యూమ్‌ను పనిలో పెట్టేదే సోలినాయిడ్ వాల్వు. 1983 డిసెంబరులో రోడ్డు మీదికి వచ్చిన మారుతి 800 వంటి చిన్న కారును తీసుకోండి. మూడు సిలిండర్లు, 796 సి.సి. ఏ.సి. కంప్రెసరు బరువు పడితే ఐడిలింగులో ఇంత చిన్న ఇంజను నిలదొక్కుకోవడం కష్టం. అందుకే ఏ.సి. ఉన్న ఇలాంటి కార్బ్యురేటరు కార్లలో స్విచ్ వెయ్యగానే సోలినాయిడ్‌కు కరెంటు వెళ్ళి, మానిఫోల్డు వాక్యూమ్ ఒక చిన్న డయాఫ్రమ్‌కు అందుతుంది. డయాఫ్రమ్ తన కడ్డీతో త్రాటిల్‌ను రవ్వంత తెరుస్తుంది. కరెంటు పోగానే వాల్వు ఆ దారి మూసి, డయాఫ్రమ్‌ను ఫిల్టరు గుండా బయటిగాలితో కలుపుతుంది.

ఇది రెండు విధాలుగా చెడుతుంది, రెండింటి లక్షణాలూ వేరు. కాయిల్ తెగితే మామూలు ఐడిలింగ్ బాగానే ఉంటుంది, ఏ.సి. వెయ్యగానే బండి వణికి ఆగిపోతుంది. ఏళ్ళ తరబడి ఇంజను వేడికి ప్లాస్టిక్ పెళుసుబారి మానిఫోల్డు వైపు గొట్టపుమూతి విరిగితే, ఏ.సి.తో పని లేకుండానే ఐడిలింగ్ ఎగుడుదిగుడు అవుతుంది. అదే బండి హైవే ఎక్కితే పరుగు తీస్తుంది! ఎందుకని?

నాజిల్ పాఠం గుర్తు చేసుకుందాం. 18 అంగుళాల వాక్యూమ్ ఉంటే లోపలి పీడనం బయటిదాంట్లో 0.4 వంతు. ఇది 0.53 కంటే తక్కువ కనుక కన్నంలో గాలి ధ్వని వేగాన్ని అందుకుంటుంది. 2 మి.మీ. కన్నం గుండా లెక్క కడితే సెకనుకు సుమారు అర గ్రాము గాలి దూరుతుంది. 900 ఆర్.పి.ఎమ్. దగ్గర ఈ ఇంజను పీల్చేది సుమారు 2 గ్రాములే. అంటే నాలుగో వంతు గాలి పెట్రోలుతో కలవకుండా దొంగదారిన వస్తున్నదన్నమాట. త్రాటిల్ పూర్తిగా తెరిస్తే వాక్యూమ్ దాదాపు ఉండదు, ఇంజను పీల్చే గాలేమో 30 గ్రాముల దాకా పోతుంది. అక్కడ ఈ కన్నాన్ని ఎవరు లెక్కచేస్తారు?

సాధారణంగా జరిగేదేమిటంటే, ఐడిల్ స్క్రూ ఒక చుట్టు బిగించి పంపేస్తారు. వారం తిరక్కుండా బండి మళ్ళీ షెడ్డుకొస్తుంది. ఈసారి కార్బ్యురేటరే మార్చాలంటారు. కొన్ని వందల్లో పోయేది వేలల్లోకి పోతుంది. స్క్రూ తిప్పడం వైద్యం కాదు, జ్వరానికి థర్మామీటరు పగలగొట్టడం.

ముందు చెవికి పని చెప్పాలి. ఒక రబ్బరు గొట్టం కొన చెవి దగ్గర పెట్టుకొని, రెండో కొనను పైపుల వెంట నడిపిస్తే లీకు దగ్గర బుస్సుమనే చప్పుడు వినిపిస్తుంది. ఫ్యాను బెల్టుకు మాత్రం దూరంగా ఉండాలి. లీకు కోసం వేడి ఇంజను మీద పెట్రోలు చల్లి చూసేవారున్నారు. ప్రాణం మీదికి వచ్చే పని అది. తరువాత, మానిఫోల్డు నుండి వాల్వుకు పోయే గొట్టాన్ని మెత్తని పట్టకారుతో నొక్కండి. ఐడిలింగ్ కుదుటపడితే దోషం అక్కడినుండి అవతల ఉన్నట్లే. మారకపోతే ఇవతల వెతకాలి. బ్రేక్ బూస్టరు ఉన్న కారైతే దాని గొట్టాన్నీ చూడండి. అక్కడ లీకైతే పెడలు గట్టిపడుతుంది, అది ఐడిలింగ్ కంటే పెద్ద ప్రమాదం.

ఇక కరెంటు సంగతి. ఇలాంటి జపాన్ తరహా కాయిళ్ళ నిరోధం చాలావాటిలో 30-40 ఓంలు. ఓమ్ సూత్రం ప్రకారం 12 వోల్టులకు మూడో వంతు ఆంపియరు. మీటరు అనంతం చూపితే కాయిల్ తెగింది. కాయిల్ బాగుండి వాల్వు 'టిక్' మనకపోతే కనెక్టరును అనుమానించండి. చిలుము పట్టిన కనెక్టరును ఊడదీసి కొలిస్తే మీటరు 12 వోల్టులూ చూపిస్తుంది, ఎందుకంటే మీటరు లాగే కరెంటు అత్యల్పం. తగిలించి ఉండగానే వెనకనుండి కొలిస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఎర్త్ వైపు కూడా చూడాలి.

విరిగిన మూతిని జిగురుతో అతికిస్తే ఆ వేడికి ఎన్నాళ్ళో నిలవదు. వాల్వు మార్చడమే మేలు. గొట్టాలు విప్పేముందు దేనికది గుర్తు పెట్టుకోండి, తారుమారైతే కొత్త వాల్వూ పనిచెయ్యదు. అంతా బిగించాక, ఇదివరలో ఎవరో ఎక్కువ తిప్పి ఉంచిన ఐడిల్ స్క్రూను కంపెనీ చెప్పిన వేగానికి వెనక్కి తిప్పండి. లేకపోతే ఏ.సి. లేనప్పుడు ఇంజను ఊరికే రేసవుతూనే ఉంటుంది.