తల్లిదండ్రులను ఇతరుల చేతికి అప్పగించేటప్పుడు

దివ్య ఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా 23వ ఆయతు మన ఇళ్ళలో చాలామందికి కంఠస్థమే. తల్లిదండ్రులలో ఒకరైనా, ఇద్దరైనా ముసలితనానికి చేరితే వారి ముందు విసుగ్గా ‘ఉఫ్’ అని కూడా అనకూడదన్న ఆజ్ఞ అందులో ఉంది. ఆ ఆజ్ఞకు ముందే ‘ఇందక’ అనే చిన్న పదం వస్తుంది. ‘నీ దగ్గర’ అని దాని అర్థం. అంటే వృద్ధులైన తల్లిదండ్రులు సంతానం చెంతనే, వారి పోషణలోనే ఉంటారన్నది అక్కడ ముందుగా అనుకున్న విషయం.

దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు వైపు దర్సులకు వెళ్ళినప్పుడు మమ్మల్ని తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. “హజ్రత్! కొడుకు కువైట్‌లో ఉన్నాడు. కూతురు బెంగళూరులో అత్తగారింట్లో ఉంది. అబ్బాకు పక్షవాతం వచ్చి మంచాన పడ్డారు. డబ్బు కడితే చూసుకునే హోములు పట్నంలో ఉన్నాయట. అక్కడ చేర్పిస్తే గునాహ్ అవుతుందా?”

ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేము. ఈ ప్రాంతపు నీటిలోని ఫ్లోరైడ్ సంగతి పాఠకులకు తెలిసిందే. నాటి నెల్లూరు జిల్లాలో ఈ వ్యాధి ఉన్నట్లు వైద్యులు 1937లోనే పత్రికలకెక్కించారు. ఎముకలు బిగుసుకుపోయి, నడుము వంగని మనిషిని మంచం మీద అటూ ఇటూ తిప్పడానికే ఇద్దరు కావాలి. ఆ పనంతా ఒంటరి కోడలి మీద వదిలేసి, కొడుకు దూరదేశం నుంచి డబ్బు పంపి సవాబు పొందాననుకోవడం న్యాయం కాదు. ఇంటికే ఒక ఆయాను పెట్టుకోగలిగితే అదే మేలు. అదీ కుదరక, రోగికి కావలసిన సేవ ఇంట్లో అందే దారే లేకపోతే, మంచి చోట ఉంచడం జాయిజే. నిరుపేదలైన తల్లిదండ్రుల ఖర్చు స్తోమతగల సంతానంపై వాజిబ్ కనుక ఆ రుసుము కట్టవలసింది కూడా సంతానమే.

అయితే మనవాళ్ళు ‘చేర్పించవచ్చా’ అని అడిగి అక్కడితో ఆగిపోతున్నారు. ‘ఎలాంటి చోట చేర్పిస్తున్నాము’ అని అడిగేవారు అరుదు. ప్రతి మనిషీ ఒక కాపరి అనీ, తన సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతాడనీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తెలిపారు. రుసుము కట్టినంత మాత్రాన ఈ బాధ్యత హోము యజమానికి బదిలీ కాదు.

ఏర్వాడి దుర్ఘటనను మన సమాజం మరచిపోకూడదు. తమిళనాడు రామనాథపురం జిల్లాలోని ఆ దర్గా ఊరిలో మతిస్థిమితం లేనివారిని ఉంచే ప్రైవేటు హోములు వెలిశాయి. 2001 ఆగస్టు 6న వాటిలో ఒకదానికి నిప్పంటుకుంది. అందులోని వారిని గొలుసులతో కట్టి ఉంచారు. పారిపోవడానికి వీలులేక 28 మంది కాలిపోయారు. పవిత్రమైన ఊరు కదా, బాగానే చూస్తారన్న భరోసాతో అయినవాళ్ళే తెచ్చి అప్పగించిన మనుషులు వారిలో ఉన్నారు. సుప్రీంకోర్టు తనంతట తాను ఈ కేసు చేపట్టింది, అక్కడి హోములు మూతపడ్డాయి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో బంధించడాన్ని పూర్తిగా నిషేధించింది. కానీ మతిమరుపు వ్యాధి వచ్చిన ముసలివాళ్ళు బయటికి వెళ్ళిపోతారని రాత్రి గదికి బయట తాళం వేస్తే, నిప్పు అంటుకున్నప్పుడు గొలుసుకూ తాళానికీ తేడా ఏముంటుంది?

చట్టం సంగతి చూద్దాం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. వృద్ధులను గాలికొదిలేసిన వారికి మూడు నెలల జైలుగానీ, 5,000 రూపాయల వరకు జరిమానాగానీ, రెండూగానీ విధించవచ్చు. ప్రతి జిల్లాలో 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే ఆశ్రమం ప్రభుత్వం నెలకొల్పవచ్చని కూడా ఉంది. సంరక్షణ గృహాలన్నిటికీ రిజిస్ట్రేషను, కనీస ప్రమాణాలు ఉండాలన్న సవరణ బిల్లును 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టారు గానీ అది చట్టం కాకుండానే 2024లో ఆ సభతోపాటు మురిగిపోయింది. ఇంగ్లాండులో 2009 నుంచి కేర్ క్వాలిటీ కమిషన్ ఇలాంటి గృహాలను తనిఖీ చేసి, తన నివేదికలను అందరూ చదివేలా బయటపెడుతోంది. మన దగ్గర ఆ తనిఖీ చాలావరకు కుటుంబమే చేసుకోవాలి.

తనిఖీ అంటే పరాయివాళ్ళ ఆలోచన అనుకోనక్కరలేదు. 1183-84లో ప్రాచ్య దేశాలు తిరిగిన ఇబ్నె జుబైర్ డమాస్కస్ ఆసుపత్రిలో రోగుల పేర్లు, వారి మందుల, ఆహారపు ఖర్చులు రాసి ఉంచే రిజిస్టర్లు చూశారు. కైరోలో సేవకులు ఉదయం, సాయంత్రం రోగులను పరామర్శించేవారని రాశారు. వైద్యులపై ముహ్తసిబ్ నిఘా ఉండేది. వైద్యం తెలియకుండానే వైద్యం చేసినవాడు కలిగిన హానికి పూచీదారుడని అబూ దావూద్‌లో హదీసు ఉంది. శిక్షణ లేని మనిషి చేత ఇంజెక్షన్ వేయించే హోములవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి.

కనుక చేర్పించే ముందు స్వయంగా వెళ్ళి చూడండి. గోడలకు వేసిన రంగు చూసి మురిసిపోకండి. మంచం పట్టిన ఒకరి వీపు, మడమలు ఎలా ఉన్నాయో అడగండి. కదలలేని మనిషిని దాదాపు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. పుండు పడిందంటే చాలాసార్లు మనిషి చాలక పడిందనే అర్థం. రాత్రి పది తర్వాత ఎంతమందికి ఎంతమంది సేవకులు ఉంటారో, తలుపు లోపలి నుంచి తెరుచుకుంటుందో లేదో చూడండి. మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా? ఏ మందు ఎప్పుడు ఇచ్చారో రాసే పుస్తకం ఉందా? స్త్రీలకు స్నానం చేయించేది స్త్రీలేనా? ‘మా దగ్గర హలాల్ భోజనం, నమాజు గది ఉన్నాయి’ అని చెబితే సంతోషమే, కానీ పైవాటికి అది జవాబు కాదు.

చేర్పించాక చెప్పకుండా వెళ్ళండి, భోజనం వేళ వెళ్ళండి. గల్ఫ్‌లో ఉన్నవారు ఊరిలోని బంధువునో, మస్జిద్ కమిటీలోని ఒక పెద్దమనిషినో ఇందుకు నియమించుకోవచ్చు. ఫోనులో అమ్మీ ‘బాగానే ఉన్నాను బేటా’ అంటే నమ్మి వదిలేయకండి. పక్కనే ఆయా నిలబడి ఉండవచ్చు. వయోవృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది. వుజూ చేయించే మనిషి దొరకని రోగి తయమ్ముమ్ చేసుకుని, కూర్చునే వీలు లేకపోతే పడుకునే సైగలతో నమాజు చేయవచ్చు. ఆయనకు అందేలా మంచం పక్కన ఒక మట్టి పెంకునో, ఇటుకనో ఉంచమని హోమువారికి చెప్పి రండి.