లక్షకు పైగా కిలోమీటర్లు తిరిగిన పాత కారు కొనవచ్చా?

ప్రశ్న: 2013లో రిజిస్టరైన పెట్రోల్ కారు 1,40,000 కిలోమీటర్లు తిరిగింది. తక్కువ ధరకు వస్తోంది. తీసుకోవచ్చా?

జవాబు: తిరిగిన దూరం ఒక్కటే కారు స్థితిని చెప్పదు. వేళకు ఆయిల్ మారుస్తూ హైవే మీద నడిపిన ఇంజన్, నగర ట్రాఫిక్‌లో నలిగిన ఇంజన్ కన్నా గట్టిగా ఉండవచ్చు. మీటరు అంకెను సర్వీసు బిల్లులతో పోల్చి చూడాలి. పెడల్ రబ్బర్లు, స్టీరింగ్ బాగా అరిగినా మీటరు తక్కువ చూపిస్తుంటే, దాన్ని వెనక్కి తిప్పారని అనుమానించాలి.

ఇంజన్‌ను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టు. వేడెక్కాక కూడా దట్టమైన తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ సిలిండర్లలోకి చేరుతుండవచ్చు. క్లచ్, సస్పెన్షన్, టైర్ల వంటి వాటికి అయ్యే ఖర్చును నమ్మకమైన మెకానిక్‌తో లెక్క కట్టించి ధరకు కలపాలి. కారు అడుగున ఫ్రేమును తుప్పు తినేసి ఉంటే ఎంత చవకైనా వదిలేయాలి.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత తనిఖీలో నెగ్గితే ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. ఈ కారుకు ఆ గడువు 2028లో తీరుతుంది. ఢిల్లీ పరిసరాల్లో పాత వాహనాలపై ఆంక్షలు మరింత కఠినం.

పెండింగ్ చలాన్లు చూసుకోవాలి. అప్పు ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 తీసుకోవాలి. యాజమాన్య బదిలీకి ఫారాలు 29, 30 కావాలి. బదిలీ జరిగిన 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి.

ధర, మరమ్మతులు కలిపిన మొత్తానికి ఇంతకన్నా కొత్త కారు దొరకనప్పుడే ఈ కొనుగోలు లాభం.