ఈగ కథ – మన కంచం కథ

మేము పి.జి.లో జంతుశాస్త్రం చదువుతున్నాము. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. చదివినది పరీక్ష పేపరు దగ్గరే ఆగిపోకుండా మన మెస్ హాలు దాకా రావాలని ఈ వ్యాసం రాస్తున్నాము. కొంచెం రోత కలిగించే విషయం కనుక అన్నం తిన్నాకే చదవండి!

రెండే రెక్కలు

ఈగ, దోమ, జోరీగ ఒకే కుటుంబం వంటివి. వీటిని డిప్టెరా అంటారు. అంటే రెండు రెక్కలవి. సీతాకోకచిలుకకు, తేనెటీగకు నాలుగు రెక్కలుంటాయి. ఈగలో వెనుక జత గుండుసూది తలల్లాంటి హాల్టియర్లుగా మారింది. ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా చూసేవి ఇవే. మనం చేయి విసిరేలోగా ఈగ పక్కకు తిరగగలగడానికి ఇవి ఎంతో తోడ్పడతాయి.

ఈగ ఎలా తింటుంది?

ఇంటి ఈగకు పళ్ళు లేవు, కొరకలేదు. ముందుగా కాళ్ళతోనే రుచి చూస్తుంది. వాలగానే అది చక్కెరో కాదో పాదాలకు తెలిసిపోతుంది. గట్టి పదార్థమైతే తన లాలాజలాన్ని, ఇంతకుముందు తాగినదాన్ని దాని మీద కక్కి, కరిగించి, స్పాంజి వంటి నోటితో పీల్చుకుంటుంది. తింటూనే విసర్జిస్తుంది కూడా. బల్బు తీగ మీద కనబడే నల్లచుక్కలు అవే.

వేసవిలో వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తే ఈగలు ముసురుతాయి. అంతకుముందు అది వాలింది పేడ మీదో, బహిర్భూమిలోనో కావచ్చు. కాళ్ళ వెంట్రుకలకు అంటినవి, కడుపులో ఉన్నవి రెండూ మన అన్నంలోకి వస్తాయి. విరేచనాలు, రక్తవిరేచనాలు, టైఫాయిడ్ ఇలా వ్యాపించగలవు.

పుట్టుక

ఆడ ఈగ ఒక్కో విడతకు 100కు అటూ ఇటూగా గుడ్లు పెడుతుంది. ఇలా నాలుగైదు విడతలు. ఒక్కరోజులోనే తల, కాళ్ళు లేని తెల్లటి పురుగులు వస్తాయి. అవి వెనుక భాగంతో గాలి పీలుస్తూ, తల వైపు కుళ్ళులో ముంచి తింటాయి. మన ఎండలకు నాలుగైదు రోజుల్లో పెరిగి, పొడినేలలో దూరి గోధుమరంగు ప్యూపా అవుతాయి. బయటికి వచ్చే ఈగ నుదుటి నుంచి ఒక సంచిని బుడగలా ఉబ్బించి, ఆ పెంకును పగలగొడుతుంది. అంతా కలిపి 7 నుంచి 10 రోజులు.

పుండులో పురుగు

మన పల్లెల్లో పశువుల పుండుకు పురుగు పట్టడం అందరికీ తెలుసు. దానికి కారణమైన ఈగల్లో ఒకటి క్రైసోమియా బెజియానా. దీని పిల్లలు కుళ్ళిన మాంసం కాదు, బతికున్న మాంసమే తింటాయి. స్క్రూలా లోపలికి దిగుతాయి. పెద్దలు సీతాఫలం ఆకు నూరి కట్టేది ఈ పురుగు కోసమే. పుండు లోతుగా ఉంటే పశువైద్యుడికి చూపించాలి.

మరచిపోకూడని 2003

ఇసుక ఈగ, అంటే శాండ్‌ఫ్లై, 2–3 మిల్లీమీటర్లే ఉంటుంది. మట్టిగోడల పగుళ్ళలో, పశువుల కొట్టాల్లో దాగి రాత్రి కుడుతుంది. రక్తం తాగేది ఆడదే. ఎక్కువ ఎత్తుకు ఎగరలేక గెంతుతూ పోతుంది. 1965లో నాగపూర్ దగ్గరి చాందీపురా గ్రామంలో బయటపడిన వైరస్‌ను మోసేది ఇదే. 2003 వేసవి చివర, వానల మొదట్లో ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు మెదడువాపు సోకితే 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ జిల్లాలు బాగా దెబ్బతిన్నాయి. వరంగల్ మన పాత ఖమ్మం జిల్లాకు పొరుగే. ఉన్నట్టుండి జ్వరం, వాంతులు, ఫిట్స్, స్పృహ తప్పడం. చాలామందికి ఒకటి రెండు రోజులే గడువు. 2024లో గుజరాత్‌లో మళ్ళీ వచ్చింది. దీనికి ప్రత్యేకమైన మందు గానీ, టీకా గానీ లేదు.

మనం చేయగలిగినవి

1. మెస్ చెత్తను మూడు రోజులకు మించి గుంటలో ఉంచకూడదు. పురుగు ప్యూపా కాకముందే తీసేస్తే ఆ తరం అక్కడితో ఆగుతుంది.
2. అన్నం, కూర గిన్నెలకు మూత. మిగిలిన మెతుకులు బల్లమీద వదలరాదు.
3. మరుగుదొడ్డి తలుపు వేయాలి. చేతులు సబ్బుతో కడగాలి.
4. గోడల పగుళ్ళు పూడ్చాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మానాన్నలకూ చెప్పండి.
5. మామూలు దోమతెర కన్నాల్లోంచి ఇసుక ఈగ దూరగలదు. మందు పూసిన తెర మేలు.
6. పక్క మంచం తమ్ముడికి జ్వరంతో ఫిట్స్ వస్తే తెల్లవారేదాకా చూడవద్దు. ఆ రాత్రే వార్డెన్ గారిని లేపండి.

ఆరో మాటను ఇల్లు వదిలి వచ్చి మన మధ్య పడుకుంటున్న మూడో తరగతి పిల్లల కోసం రాశాము. ఇక్కడ వాళ్ళకు అన్నలు, అక్కలు మీరే.