పైలట్ గ్రాంటుతో ఏం అడగాలి?

‘శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు కారణం కనిపెడతాను’ అని పైలట్ గ్రాంటుకు దరఖాస్తు రాయకండి. తాగునీటిలో సిలికా, భార లోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, నొప్పి మాత్రలు... పరిశోధకులు ఏళ్లుగా అన్నిటినీ అనుమానించారు. ఇదొక్కటే కారణమని దేన్నీ తేల్చలేకపోయారు. కొద్దిపాటి డబ్బుతో మీరు తేలుస్తామంటే దరఖాస్తు చదివేవాళ్లు నమ్మరు. నమ్మకూడదు కూడా.

పెద్ద అధ్యయనం ఎక్కడ దెబ్బతింటుందో ముందే తెలుసుకోవడానికే పైలట్ డబ్బు. ఆశయం ఎంత పెద్దదైనా ఉండనివ్వండి, ప్రశ్న మాత్రం ఒక్కటే అడగండి.

ఎలాంటి ప్రశ్న? కిడ్నీ జబ్బు దీర్ఘకాలికమని చెప్పాలంటే ఒక్కసారి రక్తంలో క్రియాటినిన్ చూస్తే చాలదు. కిడ్నీ పనితీరులో లోపం కనీసం మూడు నెలలు అలాగే ఉందని చూపాలి. అంటే అదే మనిషి దగ్గర మళ్లీ రక్తం తీయాలి. ఉద్దానంలోని కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు నుంచి పనుల కోసం వలస వెళ్లేవాళ్లు ఎందరో! మీరు మళ్లీ వెళ్లేసరికి ఆ మనిషి ఊళ్లో ఉంటాడా? ఏ నెలలో దొరుకుతాడు? జీడితోటల్లో పని ఉన్నప్పుడా, పండక్కి ఇంటికొచ్చినప్పుడా? తెల్లవారుజామున పనికి పోయేవాళ్ల రక్తం ఎన్నింటికి తీయాలి? ‘రెండో నమూనాకు ఎంతమంది వస్తారు?’ అన్నది చప్పగా కనిపించే ప్రశ్నే. దాన్ని ముందే అడగకపోతే కోట్ల రూపాయల అధ్యయనమైనా సగంలో చతికిలబడుతుంది. మొదటిసారి వచ్చినవాళ్లలో సగం మంది రెండోసారి రాలేదనుకోండి, దిగులుపడకండి. ఎందుకు రాలేదో ఇళ్లకు వెళ్లి అడిగి రాసుకోండి. మీ తర్వాతి దరఖాస్తుకు అదే బలం.

అమెరికా జాతీయ పర్యావరణ ఆరోగ్య శాస్త్రాల సంస్థ తన నిధులతో విశ్వవిద్యాలయాల్లో నడిచే కేంద్రాల ద్వారా పైలట్ ప్రాజెక్టులకు విడిగా డబ్బు ఇప్పిస్తుంది. ఉద్దేశం ఇదే: యువ పరిశోధకులు తొలి వివరాలు సేకరించుకుని, వాటితో పెద్ద నిధులకు పోటీపడాలని. మన దగ్గర ఎంబీబీఎస్ విద్యార్థులకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్, ఎస్‌టీఎస్ ఉంది. రెండు నెలల పని. చిన్నదని వదులుకోకండి.

బడ్జెట్లో యంత్రాలు అడగకండి. అవి ఉన్న ల్యాబ్‌తో ఒప్పందం చేసుకోండి. డబ్బంతా మనుషుల మీద, ప్రయాణాల మీద, నమూనాలు చెడిపోకుండా చేర్చే ఐస్ పెట్టెల మీద పెట్టండి. ఊరి ఆశా కార్యకర్త సమయానికి కూడా వెల కట్టి రాయండి. ఆమెతో ఉచితంగా పని చేయించుకోవడం అన్యాయం. ఎథిక్స్ కమిటీ అనుమతి పని ముందే మొదలుపెట్టండి, అది లేకుండా ఒక్క చుక్క రక్తం తీయడానికి వీల్లేదు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. మీరు పరీక్షించినవాళ్లలో కొందరికి క్రియాటినిన్ ఎక్కువ ఉంటుంది. ఆ మాట వాళ్లకు ఎవరు చెబుతారు, ఎన్ని రోజుల్లో చెబుతారు, చెప్పాక ఎక్కడికి పంపుతారు? ఇవన్నీ దరఖాస్తులోనే రాయండి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి ఉన్నాయి. అక్కడి డాక్టర్లతో దరఖాస్తు పంపకముందే మాట్లాడండి.