అత్తకు పంపే కబురు: సెల్‌ఫోను, క్యాన్సర్ పరీక్ష

దిండుక్కల్ మనకు దూరమేమీ కాదు. 1985 దాకా అది మదురై జిల్లాలోనిదే. 2000 నుంచి 2003 వరకు అక్కడి పల్లెల్లో 30 నుంచి 59 ఏళ్ళ ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష చేశారు. ఆస్పత్రి బోర్డుల మీద తమిళంలో ‘కరుప్పై వాయ్ పుట్రునోయ్’ అని మీరు చూసేది దీన్నే. పరీక్ష చాలా చిన్నది. వెనిగర్ లాంటి పలచని ఎసిటిక్ ఆమ్లం పూసి ఒక నిమిషం ఆగి చూస్తారు. కణాలు మారిన చోట తెల్లగా కనబడుతుంది. నేర్పిస్తే నర్సమ్మే చేయగలదు, ఫలితం అప్పుడే చెప్పేస్తుంది.

డాక్టర్ శంకరనారాయణన్ బృందం ఆ ఫలితాలను 2007లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించింది. పరీక్షకు పిలిచిన ఊళ్ళలో ఈ క్యాన్సర్ చావులు మిగతా ఊళ్ళకంటే 35 శాతం తక్కువ. అయితే ఇంకో లెక్క కూడా చూడాలి. పిలిచింది 49,311 మందిని, వచ్చింది 31,343 మంది. రాని ఆ పద్దెనిమిది వేలమంది సంగతే మనకు కావాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తమిళనాడులో 30–49 ఏళ్ళవారిలో ఈ పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవాళ్ళు నూటికి పదిమంది కూడా లేరు.

ఫోనులో కబురు పంపితే వస్తారా? టాంజానియాలో పరీక్షించి చూశారు. పెద్దగా ఏ కబురూ అందని గుంపులో నూటికి నలుగురు వచ్చారు. వరుసగా మెసేజీలు అందినవారిలో 13 మంది, మెసేజీతోపాటు బస్సు చార్జీ కూడా ఇచ్చినవారిలో 18 మంది. అంటే మెసేజీ పనిచేస్తుంది, కానీ దాని వెనక ఒక ఏర్పాటు ఉండాలి.

మన ఇళ్ళలో ఇంకో చిక్కుంది. కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్ళం నాయకరాజుల కాలం నుంచీ ఇక్కడున్నాం. ఇంట్లో మాట తెలుగు, బడిలో రాత తమిళం. తెలుగు లిపిలో పంపితే అమ్మలు చదవలేరు. తమిళంలో వచ్చే సర్కారు మెసేజీని చదవగలిగినవాళ్ళు కూడా తెరవరు. తెలుగు శాఖవాళ్ళం ఇలా అనకూడదేమో గానీ, ఈ పనికి లిపి అక్కర్లేదు. వాయిస్ మెసేజీ చాలు, అదీ పుస్తకాల తెలుగులో కాదు:

“అత్తా, బుధవారం పొద్దున పది గంటలకు మన ఆస్పత్రిలో ఆడవాళ్ళకు ఊరికే పరీక్ష చేస్తారు. ఐదు నిమిషాల పని. నర్సమ్మే చూస్తుంది. నేను వచ్చి పిలుచుకొని పోతాను. వస్తావా, ఒక మాట చెప్పు.”

ఇందులో రోజుంది, వేళుంది, తోడుంది, జవాబు అడగడం ఉంది. ‘క్యాన్సర్’ అన్న మాట కావాలనే పెట్టలేదు. ఫోను బల్లమీద ఉంటుంది, కొడుకో మామయ్యో నొక్కుతారు. ఏ పరీక్ష, ఎందుకు అన్నది ఆమె తిరిగి పిలిచినప్పుడు దాపరికం లేకుండా చెప్పండి. ఒప్పుకోవడం, మానడం ఆమె ఇష్టం. ఫలితాన్ని మాత్రం ఎన్నడూ మెసేజీలో పంపకండి.

వాట్సాప్‌లో గుంపు పెడితే అందరి నంబర్లూ అందరికీ కనబడతాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో పెడితే ఎవరికి వారికే వెళ్తుంది. కానీ మీ నంబరును వాళ్ళ ఫోనులో సేవ్ చేసుకుని ఉండాలి, లేకపోతే అందదు. ముందుగా ఇల్లిల్లూ తిరిగి నంబరు ఎక్కించిరండి. ఆ తిరగడంలోనే సగం పని అయిపోతుంది.

ఏ రోజున పరీక్ష, నర్సమ్మ ఉంటుందా అని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగి తెలుసుకున్నాకే మెసేజీ పంపాలి. 2021 ఆగస్టు నుంచి ‘మక్కళై తేడి మరుత్తువం’ కింద బీపీ, షుగరు చూడటానికి ఇంటికి వచ్చే అక్కలను అడిగినా చెబుతారు. కేంద్ర ప్రభుత్వ పద్ధతి ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళవారికి ఐదేళ్ళకొకసారి ఈ పరీక్ష. ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనబడినా, రొమ్ములో గడ్డ తగిలినా బుధవారం దాకా ఆగవద్దు. వెంటనే డాక్టరు దగ్గరికి పిలుచుకొని పోండి.