చందమామ వీపు ఎందుకు కనబడదు?

విద్యార్థులారా! పున్నమి చంద్రునిలో కుందేలు ఉందని పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. ఆ నల్లని మచ్చలు ఏ నెల చూసినా అవే. మీ తాతగారు చిన్నతనంలో చూసినదీ ఆ కుందేలునే!

దీనిని బట్టి మా తొమ్మిదవ తరగతి కుర్రవాడొకడు పరీక్షలో, "చంద్రుడు తన చుట్టూ తాను తిరగడు" అని వ్రాశాడు. నేను తప్పని కొట్టివేశాను. అతడు ఊరుకోలేదు. "తిరిగితే వెనుక భాగం కూడా కనబడాలి కదండీ, మాష్టారూ?" అన్నాడు. ప్రశ్న సమంజసమైనదే. ఎర్ర సిరాతో గీత గీసినంత మాత్రాన సందేహం తీరదు. అందుచేత తరగతి గది మధ్య ఒక కుర్చీ వేయించాను.

ఈ ప్రయోగం మీరూ చేయవచ్చు. కుర్చీలో కూర్చున్న మిత్రుడు భూమి, మీరు చంద్రుడు. మొదట మీ ముఖాన్ని నల్లబల్లవైపే ఉంచి, ఎటూ తిరగకుండా, కుర్చీ చుట్టూ ఒక ప్రదక్షిణం చేయండి. మీ మిత్రునికి మీ ముఖమూ, వీపూ, రెండు పక్కలూ కనబడతాయి. ఇప్పుడు మీ ముఖాన్ని కుర్చీవైపే ఉంచి మరొక ప్రదక్షిణం చేయండి. మిత్రునికి మీ ముఖం తప్ప మరేమీ కనబడదు. కాని మీరేమి చూశారు? గదిలోని నాలుగు గోడలూ వరుసగా మీ కళ్ళ ఎదుటికి వచ్చాయి. అంటే మీ చుట్టూ మీరు ఒకసారి తిరిగారన్నమాట!

చంద్రుడు చేసేదీ ఇదే. అతడు భూమి చుట్టూ తిరగడానికి సుమారు 27.3 రోజులు పడుతుంది. తన చుట్టూ తాను తిరగడానికీ అంతే కాలం పడుతుంది.

ఇది కాకతాళీయం కాదు. ఒకప్పుడు చంద్రుడు తన చుట్టూ తాను ఇంకా వేగంగా తిరిగేవాడు. భూమి ఆకర్షణ చంద్రుని దగ్గరి వైపును ఎక్కువగానూ, దూరపు వైపును తక్కువగానూ లాగుతుంది. అందువల్ల చంద్రుడు కొద్దిగా సాగి ఉబ్బుతాడు. చంద్రుడు తిరుగుతున్నకొద్దీ భూమి ఆ ఉబ్బును వెనక్కు లాగి, చక్రానికి బ్రేకు వేసినట్లు వేగాన్ని తగ్గించింది. చివరకు రెండు కాలాలూ సమానమయ్యాయి. గురుగ్రహపు నాలుగు పెద్ద ఉపగ్రహాలు కూడా తమ గ్రహానికి ఒకే ముఖం చూపుతాయి.

చంద్రుడు కొంచెం ఊగుతున్నట్లు కనిపిస్తాడు కనుక, ఓపికగా గమనిస్తే మొత్తం ఉపరితలంలో సుమారు 59 శాతం చూడగలం. మిగిలిన భాగాన్ని 1959 అక్టోబరులో సోవియట్ యూనియన్ పంపిన లూనా-3 మొదటిసారి ఫోటో తీసింది. 2019 జనవరిలో చైనావారి చాంగే-4 అక్కడ దిగింది. అక్కడి నుంచి రేడియో తరంగాలు సూటిగా భూమికి చేరవు. మధ్యలో చంద్రుడే అడ్డం! అందుచేత సంకేతాలను అందించడానికి ముందుగానే మరొక ఉపగ్రహాన్ని పంపారు.

ఆ వైపు ఎప్పుడూ చీకటి అనుకునేరు సుమా! మనకు అమావాస్య అయిననాడు అక్కడ నిండు వెలుగు.

ఇక మీకొక ప్రశ్న. చంద్రునిపై ఒకచోట నిలబడి చూసేవారికి, భూమి మన సూర్యునివలె రోజూ ఉదయించి అస్తమిస్తుందా? పుస్తకం వెతకకండి. కుర్చీ చుట్టూ మరొకసారి తిరిగి చూడండి!